‘ఏటి?’ అని అడిగే ప్రోగ్రాము

ఆ మధ్య రాజాంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు నన్ను పిలిచారు. చివరి సంవత్సరం పిల్లలకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నిజంగా నాలుగు మాటలే చెప్పగలిగాను. మైకు ముందు నిలబడితే నాకు నోరు పెగలదు. పైగా అప్పటికి ఈశ్వరి పోయి ఏడాది కూడా కాలేదు. సభ అయ్యాక ఒక అమ్మాయి దగ్గరికొచ్చి అడిగింది.

"సార్, మీరు సెప్పిందాంట్లో కోడ్ గురించి ఏటీ లేదు కదండి. మరి ఇన్నేళ్లూ ఆఫీసులో ఏటి సేసేరు?"

వెటకారానికి అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. ఆ పూట నాకు జవాబు తట్టలేదు. ఇంటికొచ్చి చాన్నాళ్లు ఆలోచించి ఇప్పుడు ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, జీతాలు, విదేశీ ప్రయాణాలు ఇందులో ఉండవు. ఏ కంప్యూటరు భాషలో రాశానో కూడా చెప్పను. నేను నేర్చుకున్నవాటిలో సగం ఇప్పుడెవరూ వాడటం లేదు. వాడుకలో ఉన్న మిగతా సగం మీకు నాకంటే బాగా వచ్చు.

ఈశ్వరి నా భార్య, మా మేనమామ కూతురు. విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేసింది. ఉద్యోగం గురించి రాస్తూ భార్య గురించి ఎందుకని మీకు అనిపించవచ్చు. నేను చేసిన పనిలో చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. అది సగం ఆమెది.

చేతులు ఒళ్లో

నా పేరు చిన్నంనాయుడు. కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్లో నన్నెవరూ అలా పిలవలేదు. సిన్నంనాయుడు అనేవారు. మా వైపు నోళ్లలో ‘చ’ మెత్తబడి ‘స’ అవుతుంది. చెప్పు అనం, సెప్పు అంటాం. చూడు అనం, సూడు అంటాం. ‘ఏమిటి’ అన్న మాట మా దగ్గర ‘ఏటి’ అయింది. హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు, మొదటి మీటింగులోనే ఎవరో అన్నది వినపడక "ఏటి?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత చాన్నాళ్లు ‘ఏటి నాయుడు’ అనే పిలిచారు. వాళ్లకి చెడ్డ ఉద్దేశం లేదు. కానీ నెల తిరక్కుండా నేను ‘ఏంటి’ అనడం నేర్చుకున్నాను. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రం ఏటి అనేవాణ్ని. నోటికి రెండు తాళంచెవులు ఉన్నట్టుండేది.

అక్కడ మా పై అధికారి విజయలక్ష్మి గారు. తక్కువ మాట్లాడేది. ఒకరోజు నా ప్రోగ్రాము నడవడం మానేసింది. నేను పొద్దున్నుంచీ అక్కడో ముక్కా ఇక్కడో ముక్కా మారుస్తూ, నడిపి చూస్తూ, మళ్లీ మారుస్తూ ఉన్నాను. ఆవిడ వెనకాల నిలబడి కాసేపు చూసింది.

"నాయుడు గారూ, చేతులు కీబోర్డు మీంచి తియ్యండి."

"ఎక్కడ పెట్టమంటారు మేడమ్?"

"ఒళ్లో పెట్టుకోండి. ఇప్పుడు తెర మీద ఏముందో పైకి చదవండి."

చదివాను.

"అర్థమైందా?"

"అయిందండి."

"ఏం అర్థమైంది?"

మళ్లీ తెర వైపు చూశాను.

"అయితే మళ్లీ చదవండి."

మళ్లీ చదివాను. అప్పుడు కనిపించింది. తప్పు ఫలానా ఫైల్లో ఉందని తెర మీద స్పష్టంగా రాసుంది. నేను పొద్దున్నుంచీ బాగుచేస్తున్నది వేరే ఫైలు. ఆవిడ ఇంకేమీ అనకుండా వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

చాలా తప్పులు తమ పేరూ ఊరూ తామే చెప్పుకుంటాయి. మనం చదవం. చదివినట్టు కళ్లు తిప్పుతాం, చేతులు మాత్రం ఆడుతూనే ఉంటాయి. చేతులాడుతుంటే పని చేస్తున్నామనిపిస్తుంది కాబట్టి మనసుకి ఊరట. ఈ ఉద్యోగంలో నేను చూసిన సోమరితనం ఎక్కువగా ఆ రూపంలోనే ఉండేది. పని చెయ్యనివాళ్లని నేను అంతగా చూడలేదు. ఆగనివాళ్లని చాలామందిని చూశాను.

జెన్ గురించి, నాకు తెలిసినంత

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో జెన్ బౌద్ధం గురించి ఒకటి దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. రాసిందెవరో నాకిప్పటికీ తెలియదు. తెరవగానే ఎలా కూర్చోవాలో ఉంది. వెన్ను నిటారుగా ఉంచి, చేతులు ఒళ్లో పెట్టుకోవాలట. విజయలక్ష్మి గారు గుర్తొచ్చి రోడ్డు మీదే నవ్వుకున్నాను.

నాకు గురువు లేరు. జపాను వెళ్లలేదు. నేను చేసిందల్లా రోజూ పొద్దున్నే కాసేపు గోడవైపు తిరిగి కూర్చోవడం, శ్వాసని గమనించడం, మనసు పక్కకి పోతే పోయిందని గుర్తించి వెనక్కి తీసుకురావడం. ఇందులో గొప్ప అనుభవం ఏదీ కలగలేదు. కలుగుతుందని చెప్పేవాళ్ల మీద నాకు అనుమానం. ఉపయోగం ఒక్కటే కనిపించింది. మనసు పక్కకి పోయిన సంగతి మునుపటికంటే కాస్త ముందుగా తెలిసేది. మధ్యాహ్నం మూడింటికి తెలిసేది పదకొండింటికే తెలిస్తే ప్రోగ్రామరుకి అది చిన్న లాభం కాదు.

జెన్ అన్న మాట మనదే. సంస్కృతంలో ధ్యానం. పాళీలో ఝాన. బౌద్ధ భిక్షువుల వెంట చైనా వెళ్లి చాన్ అయింది. జపాను చేరి జెన్ అయింది. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద ఆ భిక్షువుల ఇటుక కట్టడాలు ఇప్పటికీ ఉన్నాయి. మాట ఎంత దూరం పోయినా, ఏ నోట ఎలా పలికినా, అడుగున ఉన్నది ఒక్కటే. అప్పట్లో ఇది నాకు భాషా సంగతిలాగే తోచింది. తర్వాత ఇదే నా ముందుకి పని రూపంలో వచ్చింది.

ఏకాగ్రత పేరుతో జరిగే తమాషాల గురించి కూడా చెప్పాలి. పెళ్లయ్యాక పనిచేసిన ఒక కంపెనీలో మా అందరినీ మీటింగు గదిలో కూర్చోబెట్టి ధ్యానం నేర్పించారు. ఒకాయన చిన్న ఇత్తడి గిన్నెని కర్రతో కొట్టి కళ్లు మూసుకోమన్నాడు. బల్ల మీద అందరి ఫోన్లూ ఉన్నాయి. అవి వంతులవారీగా గుర్రుమంటూనే ఉన్నాయి. తరగతి అయ్యాక అది ఎలా ఉందో రాయమని ఒక్కొక్కరికీ మెయిలు వచ్చింది. ఈ సంగతి ఇంట్లో చెబితే ఈశ్వరి పప్పు తిరగమోత ఆపి మరీ విన్నది.

"కళ్లు మూసుకుని కూకుంటే జీతమిస్తారేటి మీ ఆఫీసులో? మా వార్డులో అలా కూకుంటే మెమో ఇస్తారు."

నేను పొద్దున్నే గోడవైపు కూర్చోవడం కూడా ఆమెకి వేళాకోళమే.

"ఏటి దొరికింది బావా ఈవేళ?"

"ఏటీ లేదు."

"సరేలే, రేపు దొరుకుతాది. కాఫీ తాగు, సల్లారిపోతంది."

ఇన్నేళ్లలో జెన్ గురించి నేను చదివిన వ్యాఖ్యానాల్లో ఇంతకంటే సరైనది తక్కువ.

కొత్తవలస ప్లాట్‌ఫారం

హైదరాబాదు వదిలి విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం. ఈశ్వరి ఉద్యోగం విజయనగరంలో. అందుకని మధ్యలో కొత్తవలసలో ఇల్లు తీసుకున్నాం. పొద్దున్నే స్టేషనుకి కలిసి వెళ్లి ఆమె ఒకవైపు బండి ఎక్కేది, నేను రెండోవైపు ఎక్కేవాణ్ని. సాయంత్రం ఎవరి బండి ముందొస్తే వాళ్లు రెండోవాళ్ల కోసం సిమెంటు బెంచీ మీద కూర్చునేవాళ్లం. మా సంసారంలో ముఖ్యమైన మాటలు సగం ఆ బెంచీ మీదే నడిచాయి.

ఆమె ఆసుపత్రిలో మా కంపెనీ సాఫ్ట్‌వేరే పెట్టారు. అంటే నేను రాసింది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె వాడేది. దానిలో ఏ లోపం ఉన్నా నాకు వేరే ఫిర్యాదు అక్కర్లేదు.

ఒకరోజు బండి దిగి వచ్చి, బ్యాగు కింద పెట్టకుండానే అంది.

"నీ కంప్యూటరుకి సెవులు లేవు బావా."

"ఏటైంది?"

"సంద్రమ్మ అనీసి ఒకావిడుంది. డయాలసిస్‌కి వస్తాది. రక్తం పట్టడానికి ఐరన్ ఇంజెక్షన్ రాసేరు డాక్టరు. నాను సిరంజి పట్టుకుని తెర సూసేను. ఏ మందూ పడదని లేదు. కొత్త పేషెంటు అని ఉన్నాది. ఆవిడ సూస్తే ఆసుపత్రిలో అందర్నీ పేరెట్టి పిలుస్తంది. కొత్తావిడెలాగవుతాది?"

"మరి?"

"అడిగేను. ‘అమ్మా, ఇదివరకు ఎప్పుడన్నా సూదిమందు పడలేదా నీకు?’ అని. ‘ఓపాలి ఒళ్లంతా దద్దుర్లెక్కి ఊపిరాడలేదు, సచ్చిపోతాననుకున్నాను’ అంది. ఎక్కడా అంటే, ‘ఇక్కడే, ఈ మంచం మీదే’ అంది."

ఈశ్వరి సిరంజి పక్కన పెట్టి, రికార్డుల గదికి వెళ్లి వెతికిస్తే పాత వివరాలు దొరికాయి. అందులో ఆ ఇంజెక్షన్ పడదని ఎర్ర గీతతో ఉంది. కాకపోతే ఆ వివరాలు ‘చంద్రమ్మ’ పేరు మీద ఉన్నాయి.

జరిగింది ఇది. కంప్యూటరులో పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో ఉండేవి. మొదటిసారి ఆవిడ ‘సంద్రమ్మ’ అంటే, కౌంటరులో ఉన్న మా వైపు అమ్మాయి దాన్ని సరిదిద్ది చంద్రమ్మ అని కొట్టింది. బళ్లో మా అందరికీ అదే కదా నేర్పింది, స అనకు, చ అను అని. ఈసారి కౌంటరులో వేరే జిల్లా నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. విన్నది విన్నట్టు ఎస్ అక్షరంతో కొట్టింది. ఆ పేరుతో ఎవరూ లేరని కంప్యూటరు చెప్పింది. కొత్తగా చేర్చమంటారా అని అడిగింది. ఆ అమ్మాయి చేర్చింది. ఇద్దరమ్మాయిలూ తమ పని బుద్ధిగానే చేశారు. మధ్యలో ఒక మనిషి రెండైంది. ఆ రెండో మనిషికి ఒంట్లో ఏ ప్రమాదమూ రాసిలేదు.

"మళ్లీ మంగళారం వస్తాది ఆవిడ," అంది ఈశ్వరి. "పాత కాయితం, కొత్త కాయితం కలిపించేనులే. ఆవిడొక్కర్తేనేటి? మా వైపు సిట్టెమ్మలెంతమంది, సిలకమ్మలెంతమంది. నాను లేనప్పుడు ఇంకో నర్సుంటాది. తెర సూసి పొడిసెయ్యదేటి?"

తెర చూసి పొడవాలనే ఆ తెర పెట్టింది. దాన్ని నమ్మమని నర్సులకి మేమే శిక్షణ ఇచ్చాం.

తెలివి ఎక్కువైన పది రోజులు

మర్నాడు మా మేనేజరు రాఘవరావు గారికి చెప్పాను. కృష్ణా జిల్లా మనిషి, నెమ్మదస్తుడు. విని, కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఆవిడ ఆసుపత్రి కార్డు తెచ్చుకోవాలి కదండీ నాయుడు గారూ."

"తేలేదండి. అల్లుడి దగ్గర ఉండిపోయిందట."

"ఫోన్ నంబరు?"

"అదీ అల్లుడిదేనండి. మార్చేశాడు."

"అయితే తప్పు మన ప్రోగ్రాముది కాదు. ఎంట్రీ చేసినవాళ్లది."

నియమం ప్రకారం ఆయన మాట నిజం. ఈ రంగంలో ఆ మాట మీరు చాలాసార్లు వింటారు. నిజమైన మాటలన్నిటితోనూ పని జరగదు. తప్పు ఎవరిదో తేలాక కూడా మంగళవారం సంద్రమ్మ వస్తుంది.

ఆయన వద్దనలేదు, తీరిక దొరికితే చూడమన్నారు. నాకు ఉత్సాహం వచ్చింది. యాస తెలిసినవాణ్ని, ఆ ‘చ’నీ ‘స’నీ పుట్టినప్పట్నుంచీ ఎరిగినవాణ్ని, నాకంటే ఈ పని ఎవరు చేస్తారు అనుకున్నాను. రెండు అక్షరాలూ ఒకటే అనుకునేలా వెతికే పద్ధతి రాశాను. అక్కడితో ఆగలేదు. ఒత్తులు పోయినా, దీర్ఘాలు మారినా పట్టుకోవాలని ఇంకా రాశాను. రాస్తున్న రోజుల్లో అన్నం రుచి తెలియలేదు. ఈశ్వరి ఏదో చెబుతుంటే ఊఁ కొట్టాను. దాన్నే ఏకాగ్రత అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తుంది, అది నా తెలివి మీద నాకున్న ముచ్చట. ఈ రెండూ లోపలినుంచి చూస్తే ఒకేలా ఉంటాయి. పక్కనున్నవాళ్లకి మాత్రం తేడా వెంటనే తెలుస్తుంది.

కొత్త పద్ధతి ఆసుపత్రిలో పెట్టారు. సంద్రమ్మ అని కొడితే ఇప్పుడు వరసగా పేర్లు వస్తున్నాయి. చంద్రమ్మలు, సంద్రమ్మలు, సుందరమ్మలు. నేను బెంచీ మీద ఈశ్వరి కోసం ఎదురుచూశాను, మెచ్చుకుంటుందని.

"ఏటి బావా అది?" అంది వస్తూనే.

"ఏటి?"

"ఈవేళ సంద్రమ్మ కూకుంటే సుందరమ్మ కాయితాలొచ్చేయి మా వార్డుకి."

"పేర్లన్నీ చూపిస్తుంది కదా. చూసి సరైంది నొక్కాలి."

"ఎనకాల లైను గుమ్మం దాటి ఉన్నాది. అన్ని పేర్లు సూపిస్తే కౌంటర్లో గుంట ఏటి సేస్తాది? పైనున్నది నొక్కీసింది." బ్యాగు బెంచీ మీద పెట్టి మళ్లీ అంది. "ఇదివరకు నీ కంప్యూటరు తెలీదనీది. ఇప్పుడు తెలీకుండానే తెలుసంతంది. ఏది నయం?"

కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం తెచ్చే గూడ్సు ఒకటి చాలాసేపు పోయింది. అది పోయేదాకా మాట వినపడదు కాబట్టి ఇద్దరం ఊరుకున్నాం. ఆ చప్పుడులోనే ఆమె ఏదో అంది.

"ఏటి?" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి నవ్వింది. బండి పోయాక చెప్పింది.

"అదే. నీకు ఇనపడకపోతే నువ్వేటి సేసేవు?"

"ఏటి అని అడిగేను."

"మరి దానికేటి రోగం?"

రెండక్షరాలు

నేను రాసిందాంట్లో చాలా భాగం తీసేశాను. ఈసారి తెలివి తక్కువగా ఉండేలా చేశాను. కొట్టిన పేరు అచ్చంగా ఉంటే ప్రోగ్రాము చూపిస్తుంది. అలాంటివి చుట్టుపక్కల ఉన్నాయని అనుమానమొస్తే జాబితా చూపించదు, కొత్త పేరు చేర్చనివ్వదు. ఆగిపోతుంది. ఆగి, ఊరు పేరూ, ఇంట్లో ఒకరి పేరూ అడగమంటుంది. ఆ రెండూ కొడితే దాదాపు ఎప్పుడూ ఒక్క మనిషే మిగులుతారు.

మొదట నేను తండ్రి పేరు లేదా భర్త పేరు అని పెట్టాను. ఈశ్వరి ఒప్పుకోలేదు.

"మొగుడి పేరే కావాలేటి? ఇంట్లో ఎవరో ఒకరి పేరడుగు. మంచం మీదున్నోల్లకి ఎవరు తలపులో ఉంటే ఆ పేరే నోటికొస్తాది. ఎప్పుడడిగినా అదే సెప్తారు."

నర్సు మాట కాబట్టి అలాగే పెట్టాను.

ప్రోగ్రాము ఆగినప్పుడు తెర మీద ఏదో ఒక మాట రావాలి. పని నడవడానికి, తర్వాత మారుద్దామని, తెలుగులో ‘ఏటి?’ అని పెట్టి ఆసుపత్రికి ఇచ్చేశాను. రాఘవరావు గారు అది చూసి ఇబ్బంది పడ్డారు.

"ఇదేమిటండీ? ‘ఏటి’ ఏమిటి? నలుగురూ నవ్వుతారు. ‘పేరు సరిచూడండి’ అని పెట్టండి, మర్యాదగా ఉంటుంది."

మార్చాను. మారిస్తే ఏమైందంటే, కౌంటరులో ఎవరూ దాన్ని చదవలేదు. అలాంటి నోటీసులు వాళ్లు రోజుకెన్నో చూస్తారు. పక్కకి తోసేసి, ఊరు గడిలో ఏదో ఒక అక్షరం కొట్టి ముందుకి పోయారు. అంతకుముందు ‘ఏటి?’ అని ఉన్న కొద్ది రోజులూ అలా జరగలేదు. తెర మీద ఆ మాట కనిపించగానే వాళ్లకి నవ్వొచ్చేది. నవ్వుతూ కౌంటరు అద్దం కిటికీలోంచి తల బయటపెట్టి, ఎదురుగా ఉన్న మనిషిని "ఏటి?" అని పైకి అడిగేవారు. ఆ మనిషి మళ్లీ చెప్పేది. ఊరు చెప్పేది, కోడలి పేరు చెప్పేది.

కారణం చాన్నాళ్లు ఆలోచించాను. ‘పేరు సరిచూడండి’ అన్నది తెరకీ గుమాస్తాకీ మధ్య మాట. ‘ఏటి?’ అన్నది ఎదుటి మనిషి వైపు తల తిప్పిస్తుంది. తల తిరిగితే సగం పని అయినట్టే.

ఈ సంగతి రాఘవరావు గారికి చెప్పాను. ఆయన నమ్మలేదు. ఒక్క రోజుకి ‘ఏటి?’ మళ్లీ పెట్టమని, నాతో విజయనగరం వచ్చి కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని ఒక పూట కూర్చున్నారు. ఒక మేనేజరు అలా కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు. ఆ పూట సంద్రమ్మ కూడా వచ్చింది. కౌంటరు అమ్మాయి ఆయన ముందు బెదిరి తప్పు అక్షరం కొట్టింది. తెర ‘ఏటి?’ అని ఆగింది.

"ఏ ఊరమ్మా? ఇంట్లో ఎవరున్నారు?"

"నా పేరు ఇన్నిపాల్లు అడుగుతారేటమ్మా, ఓటుకేటి?" అంది సంద్రమ్మ, ఊరి పేరు చెప్పి. "మా మనవరాలు గౌరి. రాయి."

కొట్టగానే ఆవిడ పాత వివరాలు ఎర్ర గీతతో సహా వచ్చాయి. ఆ పూట వార్డులో ఉన్నది ఈశ్వరి కాదు, కొత్తగా చేరిన నర్సు. ఆమె తెర చూసింది, ఇంజెక్షన్ మార్చమని డాక్టరుకి ఫోను చేసింది. సంద్రమ్మ వెనకే వెళ్లి మేం వార్డు గుమ్మంలో నిలబడి చూశాం. సంద్రమ్మకి అసలు ఏమీ తెలియదు, పక్క మంచం ఆమెతో వంకాయల ధర మాట్లాడుతోంది.

తిరుగు బండిలో రాఘవరావు గారు అన్నారు. "సరే, ఉంచండి. గోదావరి దాటితే మాత్రం తీసెయ్యాలి."

గోదావరి దాకా కూడా పోనివ్వలేదు. శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రులకి మాత్రం ‘ఏటి?’ మిగిలింది. హైదరాబాదులో నేను దాచుకున్న మాట అది.

ఇప్పుడు చేరేవాళ్లకి

ఇప్పుడు కోడ్ రాసిపెట్టే యంత్రాలొచ్చాయి. నేను పది రోజులు అన్నం రుచి తెలియకుండా రాసింది అవి కాఫీ తాగేలోపు రాస్తాయి. వాటిని చూసి భయపడకండి, మురిసిపోకండి కూడా. అవి చాలా తెలిసినవి. తెలియనప్పుడు కూడా తెలుసన్నట్టే చెబుతాయి. ఈశ్వరి అడిగిన ప్రశ్న వాటిని కూడా అడగాలి. తెలీదనడం నయమా, తెలీకుండానే తెలుసనడం నయమా?

కొరియా దేశంలో జెన్ సంప్రదాయం వాళ్లు కొందరు ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంటారట. ‘ఇది ఏమిటి?’ అన్నదే ఆ ప్రశ్న. జవాబు తొందరగా దొరికితే వాళ్లకి అనుమానమట. ఆ ప్రశ్నని వాళ్లు పుస్తకభాషలో అనరనీ, ఒక ప్రాంతపు యాసలో అంటారనీ చదివాను. చదివిన రోజు ఈశ్వరికి చెప్పాను.

"ఆల్లూ ఏటి అనే అంతారేటి?" అంది. చాలా సంతోషపడింది.

రాజాం అమ్మాయికి నా జవాబు ఇది. నేను ఇన్నేళ్లూ ఆఫీసులో ఎక్కువగా చేసింది, అర్థమైందనుకున్నదాన్ని మళ్లీ చదవడం. కోడ్ రాయడం మిగిలిన సమయంలో చేశాను. మంచి పని చేసిన రోజులన్నిటా ముందు చేతులు ఒళ్లో ఉన్నాయి.

ఇంట్లో ఒకరి పేరు

ఈశ్వరి జబ్బు నాలుగు నెలలు. తను పనిచేసిన ఆసుపత్రిలోనే చేరింది. దాని గురించి ఎక్కువ రాయను. చివర్లో గొంతు బాగా తగ్గిపోయింది. పక్కనే కూర్చున్నా మాట అందేది కాదు. ప్రతిదానికీ ఏటి, ఏటి అని అడిగేవాణ్ని. ఆమె విసుక్కోకుండా మళ్లీ చెప్పేది. ఒక మధ్యాహ్నం ఏదో అంటే వంగి, "ఏటి?" అన్నాను.

"ఏటీ లేదు," అంది. "పిలిసేనంతే."

తర్వాత ఏడాది పైగా నేను పొద్దున్నే కూర్చోవడం మానేశాను. గోడవైపు తిరిగితే వెనకనుంచి ఏం దొరికిందని అడిగేవాళ్లు లేరు. ధ్యానం దుఃఖాన్ని తీరుస్తుందా అని ఒకరిద్దరు స్నేహితులు అడిగారు. నా విషయంలో తీర్చలేదు.

కిందటి నెల మోకాలి నొప్పికి ఆ ఆసుపత్రికే వెళ్లాను. కార్డు ఎక్కడుందో తెలియదు, ఇలాంటివన్నీ ఆమే చూసేది. కౌంటరులో నాకు తెలియని కొత్త అమ్మాయి ఉంది. పేరడిగింది. ‘చిన్నంనాయుడు’ అని చెప్పాను, హైదరాబాదులో నేర్చుకున్నట్టు స్పష్టంగా. ఆ అమ్మాయి కొట్టింది. తెర వైపు చూసి చిన్నగా నవ్వి, అద్దంలోంచి తల బయటపెట్టింది.

"ఏటండి?"

సాఫ్ట్‌వేర్ ఎన్నోసార్లు మారి ఉంటుంది, ఆ మాట తీసేసి ఉంటారనే అనుకున్నాను.

"పేరు దొరకలేదండి. ఏ ఊరు మీది?"

"కొత్తవలస."

"ఇంట్లో ఒకరి పేరు సెప్పండి."

ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. ఆ గడి పెట్టించింది ఎవరో, ఎందుకో గుర్తుంది. నోటికి ఒక్క పేరే వచ్చింది.

"ఈశ్వరి."

ఆ అమ్మాయి కొట్టి, తెర చూసి తలూపింది.

"ఉన్నారండి మీరు. సిన్నంనాయుడని రాయించేరు ఎవరో, అందుకే రాలేదు. ఉన్నారు. కూకోండి, పిలుస్తాను."

వెళ్లి గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.